కోతలో పడిపోయిన గిలక

ఫోన్ మోగేసరికి నేను కొత్త విడుదల గురించి రాసుకున్న కరపత్రాన్ని నాలుగోసారి చదువుకుంటున్నాను. తప్పులు వెతకడానికి కాదు, ముచ్చటపడటానికి.

అప్పట్లో నేను ఒక ప్రోగ్రాం తయారుచేసి అమ్మేదాన్ని. తెలుగు అక్షరాలను వంచి, సాగదీసి, చుట్టూ అంచులూ పూలతీగలూ గీసి, కాగితం మీదికో, స్టిక్కర్లు కోసే మిషన్‌కో పంపే ప్రోగ్రాం అది. సికింద్రాబాద్‌లో పెళ్ళికార్డులు వేసే డీటీపీ షాపులు, బండ్లకు నంబరు ప్లేట్లు చేసేవాళ్ళు, బోర్డులు రాసేవాళ్ళు కొనుక్కునేవారు. కంపెనీ అంటే నేనొక్కదాన్నే. మా నాన్నగారు లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసేవారు కాబట్టి రైల్వే క్వార్టర్ ముందుగది నా ఆఫీసు. ప్రోగ్రాం రాయడం, ఫ్లాపీల్లోకి ఎక్కించడం, మోపెడ్ మీద షాపు షాపుకీ తిరిగి ఇచ్చి రావడం, ఫోన్లో తిట్లు తినడం అన్నీ నా వంతే.

ప్రోగ్రాంను మెరుగుపరిచి ఏడాదికి రెండు విడుదలలు తెచ్చేదాన్ని. మొదటి విడుదలలో అక్షరాలను విల్లులా వంచితే వత్తులు కిందపడిపోయేవి. రెండోదాంట్లో వత్తులు నిలిచాయిగానీ దీర్ఘాలు తలకిందులయ్యాయి. ఒక పెళ్ళికార్డు షాపాయన అప్పుడు నాకు ఫోన్ చేసి, "ఏందమ్మా, పెండ్లికొడుకు పేరు శీర్షాసనం వేసింది" అన్నాడు. మూడో విడుదలకు కాస్త నిలదొక్కుకున్నాను. ప్రతిసారీ షాపులవాళ్ళు కొత్త కోరికల చిట్టా ఇచ్చేవారు. నేను అందులో సగం చేసి, చేయని సగాన్ని వాళ్ళు మరిచిపోతారని ఆశపడేదాన్ని.

తిట్లు తినడం మాత్రం నాకు బొత్తిగా చేతకాదు. ఎవరైనా పనిచేయట్లేదంటే ముందు వాళ్ళ మిషన్‌ను అనుమానిస్తాను, తర్వాత వాళ్ళ కరెంటును, ఆ తర్వాత వాళ్ళ తెలివిని. తప్పు నాదేనని తేలాక కూడా ఆ మాట అనడానికి నోరు పెగిలేది కాదు. విడుదలతో పాటు ఇచ్చే కరపత్రంలో "ఫలానా లోపం సరిచేయబడినది" అని ఒక ముక్క రాసి చేతులు దులుపుకునేదాన్ని.

ఆ కరపత్రాలను శ్రద్ధగా చదివే మనిషి ఊరు మొత్తానికి ఒక్కరే ఉండేవారు. హైస్కూల్లో నాకు తెలుగు చెప్పిన మాస్టారు. ఆయనకు కంప్యూటర్ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. రిటైరై మౌలాలిలో ఉండేవారు. ఆదివారం చర్చిలో కనబడినప్పుడు ఒక కాపీ అడిగి తీసుకుని, పై ఆదివారానికల్లా ఎర్రసిరాతో దిద్ది ఇచ్చేవారు. ఒకసారి "సరిచేయబడినది" కింద గీత గీసి, "కర్మణి ప్రయోగం ఎప్పుడు వాడతారో తెలుసా అమ్మాయ్? చేసినవాళ్ళు దాక్కోవాలనుకున్నప్పుడు" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. పంతానికి తర్వాతి కరపత్రంలో ఆ మాట మూడుసార్లు రాశాను.

మాస్టారి భార్య రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసింది. లాలాగూడ క్వార్టర్లలో మా ఈడువాళ్ళం సగంమందిమి ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళమే. ఆమె పోయి ఏడాది కావస్తోందనగా మాస్టారు మా ఇంటికి వచ్చారు. బొల్లారం దగ్గర సమాధుల తోటలో ఆమెకు రాయి పెట్టిస్తున్నారట. సంవత్సరీకపు ప్రార్థన కూడిక ఆ రాయి దగ్గరే. రాయి మీద ఉండాల్సిన మాటలు ఒక కాగితం మీద రాసుకొచ్చారు. చివరి వరుస ఇది: "ఈమె కాయ౯ములే ఈమెకు సాక్ష్యము."

అందులో "య" పక్కన తొమ్మిదంకెలాగా ఉన్నది వలపల గిలక. మా తాతల కాలపు పుస్తకాల్లో "కార్యము" అని రాయాలంటే "ర్య" రాసేవారు కాదు. "య" రాసి, దానికి కుడిపక్కన ఈ గుర్తు పెట్టేవారు. వలపల అంటే కుడివైపు. మాస్టారి భార్య ఆఖరిదాకా అలాగే రాసేదట. వాళ్ళ నాన్న అలా నేర్పాడని మందుల చీటీల మీద కూడా గిలకలే పెట్టేదట.

"ఆమె రాసినట్టే ఉండాలమ్మాయ్," అన్నారు మాస్టారు. "నీ డబ్బాలో ఈ అక్షరం ఉందా?"

లేదు అనడం నా ఒంటికి పడదు. "వచ్చే విడుదలలో ఉంటుంది మాస్టారూ" అన్నాను.

అన్నానుగానీ, పెట్టడానికి చోటేదీ? అప్పటి ఫాంటులో అక్షరపు ముక్కలకు రెండువందల యాభై ఆరు గదులే ఉండేవి. గుణింతాలు, వత్తులు, కామాలు అన్నీ అందులోనే సర్దాలి. నా ఫాంటు అప్పటికే పెళ్ళివారు దిగిన ఇల్లులా కిక్కిరిసి ఉంది. వారం రోజులు కుస్తీపట్టి చివర రెండు గదులు ఖాళీ చేశాను. ఒకదాంట్లో షాపులవాళ్ళు ఎప్పట్నుంచో అడుగుతున్న అయిదు రేకుల పువ్వు పెట్టాను. రెండోదాంట్లో గిలక పెట్టాను. ఊళ్ళో ఆ గిలక అవసరం మాస్టారికి తప్ప ఇంకెవరికీ లేదని తెలిసినా, కరపత్రంలో దాన్నే మొదట రాశాను.

మాస్టారు మా ముందుగదిలో కూర్చుని, రాయి మీది నాలుగు వరుసలూ దగ్గరుండి సర్దించారు. కళ్ళకు శుక్లాలు ముదిరి ఆపరేషన్ చేయించుకోవాల్సిన మనిషి. అచ్చు తీసిన కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని మూడుసార్లు చదివారు. గిలక దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగారు. తర్వాత కింద సంతకం పెట్టారు.

రాయి చెక్కేది బొల్లారం మేస్త్రీ. మా చర్చివాళ్ళ సమాధి రాళ్ళన్నీ ఆయన చేతిమీదుగా వెళ్ళినవే. ముప్ఫై ఏళ్ళు రాయి మీద సుద్దతో అక్షరాలు రాసి చెక్కినవాడు, చూపు మందగించాక నా మాట నమ్మి కంప్యూటరూ కోత మిషనూ కొన్నాడు. మిషన్ స్టిక్కర్ మీద అక్షరాలు కోస్తుంది. ఆ స్టిక్కర్‌ను రాయికి అతికించి, అక్షరాల ముక్కలు ఊడదీసి, ఖాళీ అయినచోట ఉలితో చెక్కుతాడు. అంచు స్టిక్కర్ చూపిస్తుంది కాబట్టి చెయ్యి తప్పదు.

కూడికకు రెండు రోజుల ముందు సాయంత్రం కొత్త విడుదలా, మాస్టారి ఫైలూ నేనే తీసుకెళ్ళి మేస్త్రీ కంప్యూటర్‌లో ఎక్కించాను, సంతకం పెట్టిన కాగితం ఆయన చేతికిచ్చాను. "పొద్దుగాల్ల స్టిక్కర్ కోసి, పగటి దాంక చెక్కుడు ఖతం చేస్తా. సార్‌ని వచ్చి చూసుకోమను," అన్నాడు మేస్త్రీ. ఎల్లుండి ఉదయం రాయి పాతుతారు, ఆ వెంటనే కూడిక.

ఆ మర్నాడు పొద్దున మోగిన ఫోన్ మెట్టుగూడలో నంబరు ప్లేట్లు చేసే షాపతనిది.

"అక్కా, కొత్త పువ్వు మస్తున్నది గని, మిషన్‌ల పడ్తలేదు," అన్నాడు.

"తెర మీద కనిపిస్తోందా?"

"కనిపిస్తుంది. కాగితం మీద సుత వస్తుంది. స్టిక్కర్ కోస్తే మాత్రం లేదు. పువ్వే లేనట్టు అటూ ఇటూ అక్షరాలు దగ్గరికి జరిగినయి."

"బ్లేడు అరిగిందేమో చూడు."

"కొత్త బ్లేడ్ అక్కా. అక్షరాలన్నీ మంచిగనే కోసింది. పువ్వొక్కటే ఎగబెట్టింది."

అలవాటుగా అతని తెలివిని అనుమానించబోయి, నోటిదాకా వచ్చిన మాటను ఆపుకున్నాను. పువ్వు పక్కగదిలో ఏముందో గుర్తొచ్చింది. రిసీవర్ పెట్టేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

రెండు నిమిషాల్లో దొరికింది. నా ప్రోగ్రాంలో తెరకూ కాగితానికీ కలిపి ఒక పట్టిక, కోత మిషన్‌కు వేరే పట్టిక. మొదటిదాంట్లో కొత్త గదులు రెండూ రాశాను. రెండోదాంట్లో రాయడం మరిచిపోయాను. ఆ రెండు గదుల్లో ఉన్నవి కోత మిషన్ దృష్టిలో అసలు లేవు. కాగితం మీద మాస్టారు సంతకం పెట్టిన గిలక స్టిక్కర్ మీద ఉండదు. గిలక పోతే మిగిలేది: "ఈమె కాయములే ఈమెకు సాక్ష్యము."

అర్థంపర్థంలేని మాట ఏదైనా వచ్చినా బాగుండేది. మేస్త్రీ ఆగి అడిగేవాడు. కాయము అనేది శుభ్రమైన తెలుగు మాట. కాయం అంటే ఒళ్ళు. అదీ చాలదన్నట్టు, మా ఇళ్ళల్లో కాయం అంటే బాలింతకు పెట్టే మందు. కాలనీ అంతటికీ పురుళ్ళు పోసిన మనిషి సమాధి మీద ఆ మాట! కూడికలో ఎవరో ఒకరు పక్కవాళ్ళను మోచేత్తో పొడుస్తారు. ఏడుపు చోట నవ్వొస్తే ఆగదు. నాకు తెలుసు, నేనూ అలాంటిదాన్నే. ఆ నవ్వు మాస్టారికి వినిపిస్తుంది. కళ్ళు ఆనకపోయినా చెవులు పాముచెవులు ఆయనవి.

నల్లరాయి మీద పడిన అక్షరాన్ని తుడిపెయ్యడానికి లేదు. టైము తొమ్మిదింబావు.

మేస్త్రీకి ఫోన్ లేదు. పక్కనున్న ఎస్టీడీ బూత్‌కు చేస్తే ఎంగేజ్. మళ్ళీ చేశాను, ఎంగేజే. ఇక చేయాల్సిందల్లా మోపెడ్ తీసి బయల్దేరడం. నేను ఆ పని చేయలేదు. ఉత్తచేతుల్తో వెళితే "నా వల్ల తప్పు జరిగింది, ఆపండి" అనాలి. సరిచేసిన ఫ్లాపీతో వెళితే "ఇంకా మంచిది తెచ్చాను, ఇది వేయండి" అనొచ్చు. ఎలాగూ పొద్దున్నే స్టిక్కర్ కోస్తాడు, అతికిస్తాడు, పై వరుస నుంచి మొదలుపెడతాడు, నాలుగో వరుసకు వచ్చేసరికి చాలా టైముంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పట్టిక సరిచేసి, ప్రోగ్రాం మళ్ళీ కట్టి, ఫ్లాపీలోకి ఎక్కించేసరికి పదయింది. ఆ ముప్పావుగంట సంగతి నేను చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

లాలాగూడ గేటు పడి ఉంది. గూడ్సు బండి వస్తోందట. మోపెడ్ దిగి, గేటు కింద నుంచి దూరిపోదామా అనుకున్నాను. బండిని ఎక్కడ పడేయను? గూడ్సు తాపీగా వచ్చి, సగం దాటి, ఆగింది. మా నాన్నగారి రైల్వేను ఆరోజు తిట్టినన్ని తిట్లు మళ్ళీ ఎప్పుడూ తిట్టలేదు. పక్కన స్కూటర్ మీదున్న పెద్దాయన నా వంక భయంగా చూశాడు.

గేటు లేచాక ఎలా తోలానో గుర్తులేదు. తిరుమలగిరి దగ్గర మిలిటరీ లారీలు వరసగా రోడ్డు దాటుతున్నాయి. ఒక జవాను చెయ్యి అడ్డంపెట్టి ట్రాఫిక్ ఆపేశాడు. లారీలు లెక్కపెట్టాను, పదకొండు దాకా లెక్కపెట్టి మానేశాను. ఇప్పుడు ఏ వరుసలో ఉంటాడు మేస్త్రీ? రెండోదా, మూడోదా? ఆయన చెయ్యి నెమ్మదిగా నడవాలని కోరుకున్నాను. మధ్యలో టీకి లేచి ఉండాలని, కరెంటు పోయి స్టిక్కరే కోయలేకపోయి ఉండాలని కోరుకున్నాను. ప్రార్థన అనడానికి సిగ్గేసింది, ప్రార్థనే అది.

లోతుకుంట దాటాక గాలికి కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. బొల్లారంలో మేస్త్రీ రేకుల షెడ్డు ఉన్న వీధి మలుపు తిరగ్గానే ఉలి చప్పుడు వినిపించింది. వినిపిస్తే ఆలస్యమైందని, వినిపించకపోతే ఇంకా ఆలస్యమైందని దారిపొడుగునా అనుకుంటూ వచ్చాను. బండి స్టాండు కూడా వేయకుండా గోడకు ఆనించి లోపలికి పరిగెత్తాను.

"ఆపండి! మేస్త్రీ, ఆపండి!"

మేస్త్రీ సుత్తి గాలిలో ఆపాడు. పైన మూడు వరుసలూ అయిపోయాయి. నాలుగో వరుసలో "ఈమె కాయములే" దాకా చెక్కేశాడు. ఉలి అంచు అప్పుడే "లే" మీద నుంచి లేచింది.

"ఏందమ్మా, గిట్ల ఉరుక్కుంట వచ్చినవ్? ఇంట్ల అందరు మంచిగున్నరా?"

"ఇక్కడొక అక్షరం పడలేదు."

కళ్ళద్దాలు సర్దుకుని, రాయి మీద వేలు నడిపిస్తూ చదివాడు. "ఈమె కాయములే. సక్కగనే ఉంది గద."

"కార్యములే అని ఉండాలి. కార్యం అంటే చేసిన మంచి పని."

"మరి కాయమంటే?"

చెప్పాను. రెండర్థాలూ చెప్పాను. మేస్త్రీ ఉలి కింద పెట్టేశాడు.

"అయ్యో! నేను చూసినమ్మా," అన్నాడు. "సార్ కాగితంల ఈడ తొమ్మిది లెక్క ఏందో ఉండె. స్టిక్కర్‌ల రాలేదు. జెరసేపు సోచాయించిన. కొత్త ప్రోగ్రాం గద, నువ్వే తీసేసినవేమో అనుకున్న. మీ చర్చి తెలుగు నాకు సమజ్ గాదు, నీ డబ్బా తప్పు చేస్తదా అనుకున్న."

"మిషన్‌లో ఏదో తేడా వచ్చినట్టుంది," అన్నాను.

ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! సంచీలో సరిచేసిన ఫ్లాపీ ఉంది. దాన్ని సంచీలోనే ఉంచాను. మేస్త్రీ నా మొహంకేసి ఒక్క క్షణం చూశాడు.

ఇంకో రాయి దొరుకుతుందా అని అడిగాను. రేపటికి ఎక్కణ్ణుంచి వస్తుందన్నాడు, నున్నగా తీయడానికే రెండు రోజులు కావాలట. "ర్య" చెక్కాలంటే "య" ఉన్నచోట "ర" రావాలి, ఉన్న అక్షరాన్ని ఏం చేస్తాం? మిగిలింది గిలకే. అది "య" కూ "ము" కూ మధ్య సందులో దూరితే దూరుతుంది. ఆ సందు ఎంతుందని చూస్తే నా చిటికెనవేలి గోరంత ఉంది. గిలక పడిపోయి అక్షరాలు దగ్గరికి జరిగాయి కదా.

మేస్త్రీ ఆ సందులో స్టిక్కర్ ముక్క గీకి తీశాక, సుద్దముక్కతో గీసి చూపించాను. మేస్త్రీ దాన్ని తడిగుడ్డతో తుడిచేసి తనే గీశాడు. మళ్ళీ తుడిచి, ఇంకా సన్నగా, కొంచెం పైకి జరిపి గీశాడు.

"చేత్తోని అక్షరం రాయక రెండేండ్లయితుంది," అన్నాడు. "స్టిక్కర్ లేదు, ఆపేటందుకు ఏం లేదు. జారిందంటే 'ము' మీదికి పోతది. నువ్వు జెర వెలుగుకు అడ్డం జరుగు."

పక్కకు జరిగాను. ఉన్నవాటిలో అన్నిటికంటే సన్న ఉలి తీశాడు. మోకాళ్ళ మీద వంగి, మొహం రాయికి ఆనేంత దగ్గరగా పెట్టాడు. మొదటి దెబ్బ కొట్టబోయి ఆగాడు. చెయ్యి దించి, లుంగీకి తుడుచుకుని, మళ్ళీ పట్టుకున్నాడు. చిన్నచిన్న దెబ్బలు. ఒక్కో దెబ్బకీ రవ్వంత పొడి లేస్తుంటే నోటితో ఊదేవాడు. పైన రేకుల వేడికి ఆయన చెంపల మీంచి చెమట రాయి మీద పడుతోంది. గిలక తోక తిప్పేచోట టప్పున వేరే రకం చప్పుడైంది.

తర్వాత మేస్త్రీ నెమ్మదిగా పొడి ఊదాడు. "ము" తలకట్టు పక్కన మెంతిగింజంత పెచ్చు లేచింది. అక్షరం మాత్రం బతికింది. "కాయ౯ములే" అని చదవొచ్చు. ఇరుగ్గా, కొంచెం మీదికి లేచి, మిగతా అక్షరాల వరుసలో కలవకుండా ఉంది గిలక. అయినా ఉంది. నేను అక్కడే ఉన్న బండ మీద కూర్చున్నాను.

మిగిలిన "ఈమెకు సాక్ష్యము" మేస్త్రీ చెక్కుతుండగానే మాస్టారు వచ్చారు. భోజనమయ్యాక వస్తానన్న మనిషి ఆగలేక పన్నెండింటికే బస్సు దిగారు. నన్ను చూసి సంతోషపడ్డారు. "నువ్వూ వచ్చావా? పనిలో ఎంత శ్రద్ధమ్మా నీకు!" అన్నారు.

మేస్త్రీ ఆఖరి అక్షరం పూర్తిచేసి స్టిక్కర్ ఊడదీశాడు. మాస్టారు రాయి ముందు గొంతుక్కూర్చుని, మొహం దగ్గరగా పెట్టి, పెదాలు కదుపుతూ పై వరుస నుంచి చదువుతూ వచ్చారు. నాలుగో వరుసలో ఆగారు. వేలితో తడిమారు. వేలు వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. పెచ్చు దగ్గర ఆగిపోయింది.

"ఇదేమిటి? గిలక ఇలా ఇరికించినట్టుందేం? ఇక్కడ రాయి లేచిపోయిందేం?"

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. మేస్త్రీ నాకేసి చూసి, మాస్టారి వైపు తిరిగాడు.

"నా చెయ్యి తప్పింది సార్. గీ అక్షరం మర్శిపోయి, ఎనుక చెక్కిన."

మాస్టారు గట్టిగా అరవడం స్కూల్లో కూడా నేను వినలేదు. ఆరోజు అరిచారు. "సంతకం పెట్టి మరీ ఇచ్చాను కదయ్యా! చూసి కొట్టడానికేం వచ్చింది? ఆమె అక్షరమని, ఇదొక్కటీ సరిగ్గా ఉండాలని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? ఈ అమ్మాయి ఇంత కష్టపడి దీనికోసం అక్షరం తయారుచేస్తే, నువ్వు మరిచిపోయావా?"

"తప్పయింది సార్."

"తప్పయిందంటే రాయి అతుక్కుంటుందా?"

మేస్త్రీ తలవంచుకుని ఉలులు గుడ్డలో చుట్టుకుంటున్నాడు. నేను బండ మీద కూర్చునే ఉన్నాను. నా సంచీ నా ఒళ్ళోనే ఉంది. మాస్టారు గోడవైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

తిరుగు బస్సుకు టైముందని ఆయన అంటే, నేను దింపుతానన్నాను. మోపెడ్ వెనక పక్కకు తిరిగి కూర్చుని, ఒక చేత్తో నా భుజం పట్టుకున్నారు. రేపు కూడికలో పాటలూ ప్రార్థనా అయిపోతాయి, ఇరుకు గిలకను ఎవరూ పట్టించుకోరు, తర్వాతి విడుదలలో పట్టిక సరైపోతుంది అనుకుంటూ బండి తోలుతున్నాను.

లోతుకుంట దగ్గర మాస్టారు నా చెవి పక్కన అన్నారు: "రేపు కూడికలోనే సంఘానికి చెప్తానమ్మాయ్. ఇకమీదట మనవాళ్ళెవరూ ఆ మేస్త్రీ దగ్గరికి వెళ్ళొద్దని. ఒక్క అక్షరం చూసి కొట్టలేనివాడి చేతిలో మనవాళ్ళ రాళ్ళు పెట్టడమెందుకు?"

మేస్త్రీకి వచ్చే పనిలో ముప్పాతిక వంతు మా చర్చి సంఘానిదే. అది నాకు తెలుసు. కంప్యూటర్ కొనమని ఆయన్ను ఒప్పించినప్పుడు ఆ మాటే చెప్పాను, మావాళ్ళ రాళ్ళన్నీ మీకే వస్తాయని. బండి ముందుకు పోతూనే ఉంది. మాస్టారి మొహం నాకు కనిపించడం లేదు, నా మొహం ఆయనకు కనిపించడం లేదు. అందుకే చెప్పగలిగాననుకుంటాను.

"మాస్టారూ, గిలక పడేసింది నేను. నా ప్రోగ్రాంలో తప్పు చేశాను. పొద్దున్నే తెలిసింది నాకు. తెలిసినా వెంటనే రాలేదు."

భుజం మీద చెయ్యి అలాగే ఉంది. కాస్త దూరం పోయాక, "బండి ఆపు," అన్నారు.

ఆపాను. దిగారు. బస్సులో వెళ్ళిపోతారనుకున్నాను. రోడ్డు పక్కన నిలబడి జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు.

"మరి ఆ మనిషి తను మరిచిపోయానని ఎందుకన్నాడు?"

"తెలియదు మాస్టారూ."

"నువ్వక్కడే ఉన్నావు కదా."

"ఉన్నాను."

ఆయన మళ్ళీ ఎక్కి కూర్చుని, "వెనక్కి తిప్పు," అన్నారు. ఈసారి నా భుజం పట్టుకోలేదు, సీటు పట్టుకున్నారు.

మేము వెళ్ళేసరికి మేస్త్రీ చెక్కిన అక్షరాల్లో బంగారు రంగు నింపుతున్నాడు. మమ్మల్ని చూసి కంగారుగా లేచి నిలబడ్డాడు, ఇంకో తప్పు బయటపడిందనుకున్నాడేమో. మాస్టారు రెండు చేతులూ జోడించారు.

"తెలియక నోరు పారేసుకున్నాను మేస్త్రీ. మన్నించు."

"అయ్యయ్యో, గదేంది సార్! మీరు పెద్దోళ్ళు, చేతులు దించుండ్రి," అంటూ మేస్త్రీ ఆయన చేతులు పట్టుకోబోయి, వేళ్ళకు రంగు ఉందని ఆగిపోయాడు.

మాస్టారు పక్కకు తప్పుకుని నావైపు చూశారు. ఇక నా వంతు.

"తప్పు నాది మేస్త్రీ," అన్నాను. "నా ప్రోగ్రాంలోనే పడిపోయింది గిలక. మీ మిషన్ బాగానే ఉంది."

"నాకెరుకే గదమ్మా," అన్నాడు మేస్త్రీ. మళ్ళీ కూర్చుని కుంచె తీసుకున్నాడు.

"తెలిసి మీ మీదెందుకు వేసుకున్నారు?"

కుంచెను డబ్బా అంచుకు రాసి, ఎక్కువైన రంగు తీశాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కాస్త సులువయ్యేది.

"సార్ అడిగినప్పుడు నీకు మాట వస్తలేకుండె," అన్నాడు. "నేనట్ల అంటే నువ్వు కాదంటవనుకున్న."